కొసరు అడిగి తెచ్చుకున్న మూలబల్ల

నా చిన్నప్పుడు మా కొట్లో ‘లేదు’ అన్న మాట వినపడేది కాదు. మాచర్ల బజారులో మాది చిన్న కిరాణా కొట్టు. చింతపండు అడుగంటినా మా తాతయ్య గల్లాపెట్టె వెనక కూర్చుని "రేపొస్తదమ్మా" అనేవాడే తప్ప లేదని చెప్పేవాడు కాదు. లేదంటే మనిషి పక్క కొట్టుకు పోతాడు, మళ్లీ రాడు. అక్కడ పెరిగినదాన్ని కాబట్టి నాకు అక్షరాల కంటే ముందు బేరం వచ్చింది. బెల్లం ముక్క పెట్టినా కొసరు అడక్కుండా చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని కాదు. నా అంత గడుసుపిల్ల ఆ బజారులో లేదని నాకు గట్టి నమ్మకం.

కొట్టు వెనకే ఇల్లు, ఇంటి వెనక పెరడు. మా వైపు పెరళ్లకు ఇటుక గోడలు తక్కువ. నాపరాళ్లు వరసగా నిలువునా పాతితే అదే ప్రహరీ. మా పెరటి మూలకు దగ్గర్లో ఒక రాయి ఎప్పుడో విరిగిపోయి, మనిషి పట్టేంత సందు ఉండేది. ఆ సందులోంచే పక్కింటి అక్క మా బావి నీళ్లకు వచ్చేది. వాళ్ల బావి నీళ్లు ఉప్పగా ఉండేవి, మావి తియ్యన. పొద్దున్నే బిందె గట్టు మీద పెట్టి, నేల మీదే చతికిలబడి, నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడలు వేసేది. మా అమ్మ వేస్తే గడ్డి పీకినట్టుండేది. అక్క వేళ్లు తగిలితే కళ్లు మూతలు పడేవి. లేచేటప్పుడు పాపం అక్క ఓణీ నిండా మట్టి. అది చూసి చూసి, ఇద్దరం కూర్చునేంత బల్ల ఒకటి ఉంటే బాగుండునని నాకు పుట్టింది.

తాతయ్యను అడిగాను. "పెరట్లో బల్లేందే, కలెక్టరొచ్చి కూర్చుంటాడా?" అన్నాడు. నేను తగ్గలేదు. కొట్టు పాత అరలు ఊడదీసిన వేపచెక్క వడ్రంగి దగ్గర ఊరికే పడి ఉంది కదా అన్నాను. అక్క ఓణీ సంగతీ చెప్పాను. ఆయన గడ్డం గీరుకున్నాడు, నిట్టూర్చాడు, చివరికి మూలలో ఒక పక్కకు చేయిస్తానన్నాడు. గెలిచిన ఊపులో కొసరు అడిగాను. మూల అన్నాక రెండో పక్కకూ తిప్పాలి, వీపు ఆనుకోవడానికి వెనక ఎత్తుగా చెక్క కూడా పెట్టాలి. "దీని దుంపదెగ, కొట్లో కూర్చోబెడితే నన్ను కూడా అమ్మేస్తది!" అని ఆయన తల కొట్టుకుంటూ ఒప్పుకున్నాడు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

మర్నాడే వడ్రంగి చెక్కలన్నీ కోసి, చిత్రిక పట్టి రిక్షాలో వేసుకొచ్చాడు. రెండో పక్క నేనే సాధించానని ఆయన దగ్గర గొప్పలు పోయాను. పెదాల మధ్య మేకులు పెట్టుకున్న మనిషి, వాటిని తీసి మరీ నవ్వాడు.

"నువ్వు సాధించేదేందమ్మా, రెండు పక్కలకీ కొలతలు పోయిన సంత నాడే ఇచ్చిపోయాడు మీ తాత. ఎనక చెక్క ఎత్తుతో సహా."

కాస్త చిన్నతనంగా అనిపించింది, అంతే. ఎక్కువ చెప్పి తగ్గించినట్టు నటించడం మా కొట్లో రోజూ చూసే ఆటే. పోనీలే, బల్ల దక్కింది కదా అనుకున్నాను. దాని రెండో పక్క ఎక్కడిదాకా పోయిందో, నిజం చెప్పాలంటే, నా కంటికి ఆనలేదు. కాళ్లు నేలలో పాతి, మట్టి దట్టించి వడ్రంగి వెళ్లిపోగానే మూలకెక్కి కాళ్లూపుకుంటూ కూర్చున్నాను. అక్క వస్తే చూపించాలి.

సాయంత్రం అక్క వచ్చింది. వెనక చెక్క మీదుగా తల ఒక్కటే కనిపించింది. సందుకు సరిగ్గా అడ్డంగా నిలబడి ఉంది, నేను అడిగి పెట్టించుకున్న కొసరు.

"ఏందే ఇది?" అంది అక్క.

నేను నోరు తెరిచేలోపే నా వెనక తాతయ్య గొంతు వినిపించింది. ఆ వేళప్పుడు ఆయన కొట్టు వదిలి పెరట్లోకి రావడం నేనెరగను. "ఏం జేసేదమ్మా, పిల్లది ఒకటే గోల. ఒక పక్క చాలే అంటే వినదు. రెండో పక్కా కావాలంది, ఎనక చెక్కా కావాలంది. చిన్నదాన్ని ఏడిపించలేక పెట్టించా."

అక్క ఆయన వైపు చూడలేదు. నా వైపే చూసింది. "నువ్వే అడిగావా?"

"అడిగా" అన్నాను. నీ కోసమే అని అనబోయేలోగా ఖాళీ బిందె రాయికి తగిలిన చప్పుడైంది. అక్క వెళ్లిపోయింది.

అప్పుడు తెలిసింది నాకు. ఎండలు ముదిరి మా బావి లోతుకు పోతోంది. వాళ్లేమో నెల సరుకులు మా కొట్లోనే కొనేవాళ్లు. నీళ్లకు రావద్దని తాతయ్య నోటితో అనలేడు. సందులో రాయి పాతిస్తే బజారంతా ఎందుకని అడుగుతుంది. మనవరాలి ముచ్చట అంటే ఎవరూ ఏమీ అనరు.

నా పేరెందుకు చెప్పావని ఏడుస్తూ ఆయన మీదకు పోయాను. "చెప్పినదాంట్లో అబద్ధమేందో చూపించవే" అన్నాడు. కోపంగా కాదు, సరుకు బాగాలేదని తిరిగొచ్చిన మనిషితో మాట్లాడేంత నెమ్మదిగా. ఎంత వెతికినా ఒక్క అబద్ధం దొరకలేదు.

మర్నాడు జుట్టు విరబోసుకుని, దువ్వెన పట్టుకుని, వీధి చుట్టూ తిరిగి అక్క ఇంటికి వెళ్లాను. బల్ల ఎందుకు అడిగానో, తాతయ్య కొలతలు ఎప్పుడు ఇచ్చాడో అంతా చెప్పాను. అక్క అంట్లు తోముతూనే వింది. చివరికి తలెత్తి, "ఇదంతా చెప్పి రమ్మని కూడా మీ తాతే పంపాడా?" అంది. దువ్వెనతోనే తిరిగి వచ్చాను. జడ అమ్మ వేసింది.

తరవాత ఆ బల్ల మీద కూర్చోలేదని కోతలు కొయ్యను. నీడ బాగుండేది, కూర్చున్నాను. బేరాలూ మానలేదు. నన్ను చూస్తే ఇప్పటికీ కూరగాయలావిడ గంప మీద గోనె కప్పేస్తుంది. ఒక్కటి మాత్రం నా వల్ల కాదు. పేరంటానికి పోబుద్ధి కాకపోతే పిల్లకు జ్వరమంటారే, ఎవరినైనా ఇంటికి రావద్దనడానికి పిల్లాడి చదువంటారే, అది.

పోయిన ఏడు పిడుగురాళ్ల నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి, గృహప్రవేశానికి ఎందుకు రాలేదని నిలదీసింది. పిల్లాడికి పరీక్షలని చెప్పమని మా కోడలు పక్కనుంచి ఒకటే సైగలు. మనవడు అక్కడే కూర్చుని నా మొహం చూస్తున్నాడు. "నాకే రాబుద్ధి కాలేదమ్మా" అన్నాను. ఆవిడ ఠక్కున ఫోన్ పెట్టేసింది. ఇవాళ్టికీ నాతో మాట్లాడదు. మా మనవడు వెళితే మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని, కొసరి కొసరి అన్నం పెడుతుందట.