మంట ఆరినా దిగని మసి

ఆ ఎండాకాలం మా ఊరి వెనక గుట్ట అంటుకుంది. మాది భద్రాచలం దారిలో అడవిని ఆనుకుని ఉన్న చిన్న ఊరు. బీడీలు చుట్టే తునికాకు బాగా చిగురించాలని ఎవరో ఒకరు నిప్పు పెట్టడం, అది గుట్టంతా పాకడం మాకు కొత్త కాదు. ఈసారి మాత్రం గాలి తిరిగి మంట చేల దాకా వచ్చింది. ఊరివాళ్లు పచ్చి కొమ్మలతో కొట్టి కొట్టి ఆర్పారు. మా ఆయన చేతుల మీద వెంట్రుకలు మాడిపోయి ఇంటికొచ్చాడు.

"ఆరిపోయింది. ఇగ భయం లేదు" అన్నాడు. నేనూ నమ్మాను.

మర్నాడు పొద్దున మా ఆరేళ్ల పాప మంచం దిగలేదు. లేపి కూర్చోబెడితే నా భుజం పట్టుకుని ముందుకు వంగింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. గొంతులోంచి సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. ముక్కు తుడిస్తే నా కొంగుకు నల్లగా అంటింది.

"అమ్మా, గాలి వస్తలేదు" అంది.

మా ఆయన పాపను ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. దొరికిన ఆటోలో భద్రాచలం దవాఖానాకు పోయాం. దారి పొడవునా నేను పాప పెదాలనే చూస్తున్నాను. అవి నీలంగా మారుతున్నాయా, నా కళ్లే అలా చూస్తున్నాయా తెలియలేదు.

ముఖానికి మాస్కు పెట్టి మందు పొగలాగా ఎక్కించారు. ఈల చప్పుడు కాస్త తగ్గాక డాక్టరును అడిగాను. "మంట నిన్ననే ఆరింది గద సార్, మరి ఇయ్యాల గిట్లెందుకైంది?"

"మంట ఆరితే మసి పోదమ్మా. పెద్ద నుసి జల్దీ రాలిపోతది. సన్నటిది కిందికి దిగదు, గాలిలోనే తిరుగుతుంటది. మంచి వాన పడితే కడుక్కపోతది. పడకుంటే వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటది."

"కనపడుతదా?"

"పొగ పలచబడ్డంక కనపడదు."

"ఖమ్మం తీసుకపోదమా?" అని మా ఆయన నన్ను అడిగాడు. గాలి అటే వీస్తోందని ఆయనకూ తెలుసు. మా పుట్టిల్లు సత్తుపల్లిలో, బొగ్గు గనుల పక్కన. ఎటు పోవాలో తోచక ఇంటికే వచ్చాం.

కిటికీలకు తడి చీరలు కట్టాను. దవాఖానాలో ఇచ్చిన గొట్టం పెట్టి పాపకు మందు పీల్పించేదాన్ని. తుడిచిన కంచం మీద మళ్లీ వేలు రాస్తే నల్లటి గీత. బయట చూస్తే తెల్లటి ఎండ, మామూలు ఆకాశం. పాప నిద్రపోతే ఛాతీ మీద చెయ్యి వేసి కూర్చునేదాన్ని. చెయ్యి తీస్తే ఆ ఊపిరి ఆగిపోతుందేమోనని భయం.

పాప కాస్త తేరుకుందనుకుంటున్న ఒక పొద్దున, ఇంటి వెనక మా చేలోకి మా ఆయన అగ్గిపెట్టెతో పోతూ కనిపించాడు. పీకిన పత్తికట్టె అక్కడ కుప్పగా ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

"ఏం చేస్తున్నవ్? బిడ్డ ఇంట్లనే ఉంది!"

"వాన పడితే కట్టె తడుస్తది. మళ్ల అంటుకోదు. దుక్కి ఎట్ల దున్నాలె?"

"అంటుకోకుంటె అంటుకోకపాయె. వాన పడేదాక నువ్వు పుల్ల గియ్యొద్దు. గీస్తనంటె నేనిక్కడికెల్లి కదల."

కుప్పకు అడ్డంగా నిలబడ్డాను. ఆయన అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

"బిడ్డ ఊపిరి చప్పుడు వింటుంటే ఇంట్ల కూసోలేకపోతున్ననే" అన్నాడు. "ఏదన్న పనిల పడితే భయం తెల్వదనుకున్న."

అప్పటిదాకా భయపడేది నేనొక్కదాన్నే అనుకున్నాను.

వాన ఆ తర్వాత చాన్నాళ్లకు గానీ రాలేదు. ఒక మధ్యాహ్నం ఈదురుగాలితో వచ్చి గట్టిగా కురిసింది. రేకుల మీంచి దిగిన తొలి నీళ్లు టీ డికాషన్‌లా ఉన్నాయి. తడుస్తానని పాప ఏడ్చినా తలుపు తీయలేదు. నీళ్లు తేటపడ్డాక, చెయ్యి మాత్రం చాపనిచ్చాను.

వాన వెలిశాక ఈల చప్పుడు క్రమంగా పోయింది. పత్తికట్టెను ట్రాక్టరుతో ముక్కలు చేసి మట్టిలో కలిపేశాం. ఇప్పుడు పాప బడికి పోతోంది, ఆడుకుంటోంది. ఎండలు ముదిరి గుట్ట మీద పొగ లేస్తే మాత్రం, మేమిద్దరం ఒకరికొకరు చెప్పుకోకుండానే పాప దగ్గరికి పోయి ఊపిరి వింటాం.