వేపాకు మాత్రల డాక్టరు గారు

హయాత్ డాక్టరు గారికి ఒక్కటే పిచ్చి. మందు రాసేవాడు ముందు తాను మింగి చూడాలనేవారు. ఆ పిచ్చి పుణ్యమా అని ఇరవై ఏళ్లపాటు, పొద్దున నమాజు కాగానే ఆయన భార్య షాజాదీ వేపాకు నూరి, జొన్నపిండిలో కలిపి మాత్రలు చుట్టేది. ఇప్పుడు నెల రోజులుగా సన్నికల్లు పొడిగా ఉంది. అయినా ఆ వేళకు ఆమె వేళ్లు వాటంతటవే చుట్టుకుంటాయి.

గుంటూరులో డాక్టరీ చదివేవాళ్లను నెలకు నలుగురిని ఆయన పనిచేసే పర్చూరు ఆసుపత్రికి పంపేవారు. బస్సు దిగగానే ఈయన తలా ఒక పొట్లం ఇచ్చేవారు. రోజుకు మూడు, అన్నం తిన్నాక, వారం రోజులు. వారం తిరిగేసరికి ఒకడి పొట్లం పరుపు కింద దొరికేది. ఇంకొకడిది చీమలు మోసుకుపోయేవి. ఒకడు ఆసుపత్రి మేకకు పెడితే, మేక కూడా ఊసేసింది.

ఆయన తిట్టేవారు కాదు. కల్లంలో మిరపకాయలకు తొడిమలు తీసే కొండమ్మ ముందు వాళ్లను నిలబెట్టేవారు.

"ఈవిడకు మూడు పూటలు, తిన్నాక అని రాశావు గదయ్యా. ఎన్ని పూటలు తింటుందో అడిగావా?"

"మేం తినేది రెండు పూటలేనయ్యా," అనేది కొండమ్మ. "మూడోది ఎప్పుడు మింగేది?"

షాజాదీ మనసులో మాత్రం ఒక ముల్లుండేది. తొలి కాన్పు తర్వాత నీరసానికని ఆయన ఇచ్చిన టానిక్కును ఆమె పెరట్లో గోరింట మొదట్లో పోసేది. కోడలు మందు తాగితే రోగిష్టిదని అత్తగారు నలుగురిలో అంటుందని భయం. ఆయనేమో చివరిదాకా, నా మందు చుక్క వదలకుండా తాగింది మా ఇంటావిడ ఒక్కతేనని చెప్పుకునేవారు. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. చెప్పేలోగా ఆయన వెళ్లిపోయారు. ఇక ఆ గోరింటను చూడలేక, కొట్టేద్దామని ఆ వేళ కత్తి తీసి గడప దగ్గర పెట్టింది.

అంతలో ఆయన పాత శిష్యుడు దానయ్య వచ్చాడు. ఇప్పుడు కనిగిరిలో డాక్టరు. భర్త పోయాక పరాయి మగవాళ్ల ఎదుటికి రాకుండా పాటించే ఇద్దత్తులో ఉన్న షాజాదీ తెర వెనక నుంచే మాట్లాడింది.

"అమ్మగారూ, ఆ గోరింట ఇంకా ఉందా? మాకు ఆఖరి పాఠం దాని దగ్గరే."

దానయ్య డాక్టరు గారి మాటల్లోనే చెప్పుకొచ్చాడు.

"'నా టానిక్కు తాగి ఈ చెట్టు ఇంత ఏపుగా పెరిగిందయ్యా. తప్పు మా ఇంటావిడది కాదు, నాది. మందు రాశాను గాని, అత్తగారి ముందు సీసా ఎత్తాలంటే ఆవిడకెంత భయమో అడగలేదు' అనేవారు. అప్పటినుంచి పానకంలో కలిపి ఇచ్చారట గదా. ఈ సంగతి మీకు చెప్పినవాడి పరీక్ష తప్పిస్తాననేవారు. నాకిక ఆ భయం లేదు."

రోజూ పొద్దునే అత్తాకోడళ్లిద్దరికీ ఆయన స్వయంగా కలిపి ఇచ్చిన బెల్లం పానకం! అత్తగారు రెండో గ్లాసు కూడా అడిగేది. షాజాదీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు తెర దాటింది.

గడప దగ్గర కత్తి చూసి, ఏమన్నా కొట్టాలా అని దానయ్య అడిగాడు.

"ఏం లేదు నాయనా. లోపల పెట్టెయ్."