గోడలోని పచ్చ తీగ

నా చిన్నప్పుడు మా మేనమామ ఫిల్మ్‌నగర్‌లో సినిమా సెట్లకు కరెంటు పని చేసేవాడు. పది రోజుల్లో కూల్చేసే ఉత్తుత్తి ఇంటికి రెండు తీగలు లాగి, టేపు చుట్టి, చిటికెలో దీపాలు వెలిగించేవాడు. ఆయనను మించిన పనిమంతుడు లేడని మా ఇంట్లో గొప్పలు చెప్పుకునేవాళ్ళం.

మామ భార్య, మా అత్తమ్మ, వాళ్ళింట్లో స్నానం చేస్తుండగా గీజరు షాక్ కొట్టి చనిపోయింది. గీజరు నాసిరకమని అందరూ తిట్టుకున్నారు. ఆ తర్వాత మామ ఏడాది పాటు మా గడప తొక్కలేదు.

మేము బాత్రూమ్ బాగుచేయించుకున్నప్పుడు, ఆ వంకతోనైనా అన్నను చూడవచ్చని అమ్మ కబురు పెట్టింది. కొత్త టైల్స్ వేయడం అప్పుడే అయిపోయింది. గీజరు తగిలించడమే మిగిలింది. మామ మెయిన్ ఆపి, ప్లగ్ పాయింటు మూత విప్పి చూశాడు. తర్వాత సుత్తి, ఉలి తీసి ఆ టైల్స్ పగలగొట్టడం మొదలుపెట్టాడు.

నాన్నకు ఒళ్లు మండింది. "ఏంది బావా, పిచ్చి లేసిందా?"

"గిందుల ఎర్త్ వైరు లేదు," అన్నాడు మామ, చేయి ఆపకుండానే. "మా ఇంట్ల గూడ నేను వెయ్యలె. సెట్ల మీద రెండు తీగలతోటే నడుస్తది గదా, ఇంట్ల గూడ గంతే అనుకున్న. గీజరుది తప్పు కాదు. నా పెండ్లాం పాణం తీసింది నేనే."

నాన్న తట్ట తెచ్చి పగిలిన ముక్కలు ఎత్తడం మొదలుపెట్టాడు. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేక మామ ఏడాది పాటు ఎలా మోశాడో తలచుకుంటే నాకు ఇప్పటికీ దుఃఖం వస్తుంది.

సాయంత్రానికి గోడలో, షాక్‌ను భూమిలోకి లాగేసే పచ్చ రంగు ఎర్త్ తీగ దిగింది. తడి చేయి అందకుండా స్విచ్చును తలుపు బయటికి మార్చాడు. గోడ పూడ్చే ముందు నన్ను పిలిచి, నా వేళ్ళు పట్టుకుని ఆ తీగను తాకించాడు. "దీనికి రోజూ పనుండదు బిడ్డా. ఎన్నడో ఒక్కనాడు పడ్తది. గానాడు ఇది లేకుంటే మనిషి మిగలడు."

ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో మా కోడలు బాత్రూమ్ మార్పిస్తోంది. ఈ ముసలమ్మ అడ్డు పడుతోందని పనివాళ్ళకు విసుగు. అయినా టైల్స్ వేసే ముందు మెయిన్ ఆపించి, పచ్చ తీగను వెతికి తాకాను. అత్తమ్మ ముఖం నాకు సరిగా గుర్తు లేదు. నా వేళ్ళు పట్టుకున్న మామ చేయి స్పర్శ మాత్రం ఇంకా తెలుస్తూనే ఉంది.