బరువెంత అని అడిగిన ఫార్మసిస్టు

ఆ వీధిలో బైండింగ్ తాతయ్యను ఎరగనివాళ్లు లేరు. ఎనభై ఒకటో ఏట కూడా పొద్దున్నే కొట్టు తీసి చిరిగిన పుస్తకాలకు అట్టలు కట్టేవాడు. మనిషి పుల్లలా ఉన్నా నోరు మాత్రం గట్టిది.

అలాంటాయనకు నడుము చుట్టూ అక్కి లేచింది. పొక్కులు మానాయి గానీ నొప్పి వదల్లేదు. డాక్టరు మాత్రలు రాశాడు. నాలుగు రోజుల్లో నొప్పి తగ్గింది. మనిషే మనిషిలా లేకుండా పోయాడు. ముద్ద నోట్లో ఉండగానే కునికేవాడు. ఒకరోజు కోడల్ని చూసి, "ఎవరమ్మా మీరు?" అన్నాడు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆయన ఆమెను 'మీరు' అన్నది లేదు.

వయసు మీద పడింది, అంతే అని చుట్టాలు తేల్చేశారు. ఆమె భర్త కూడా తలూపాడు. కోడలికి మనసొప్పలేదు. రక్తపరీక్ష చేయించింది. కిడ్నీల అంకె నార్మల్ అని వచ్చింది. ఇక చేసేదేముందని, ఆయన్ను వెంటబెట్టుకుని అవే మాత్రల కోసం ఆస్పత్రి మందుల కౌంటరుకు వెళ్లింది.

అక్కడి ఫార్మసిస్టు, కళ్లజోడు అమ్మాయి, చీటీ చూసింది, రిపోర్టు చూసింది, బెంచీ మీద జోగుతున్న ముసలాయన్ని చూసింది. బరువెంత అని అడిగింది. కోడలికి తెలియదు. ఇద్దరూ కలిసి ఆయన్ను కాటా ఎక్కించారు. ముప్ఫై తొమ్మిది కిలోలు.

ఆ అమ్మాయి కాగితం మీద ఏదో లెక్క వేసింది.

"రిపోర్టులో ఈ అంకె కండను బట్టి వస్తుందండీ. ఈయనకు కండే లేదు, అందుకే నార్మల్‌గా కనిపిస్తోంది. వయసూ బరువూ కలిపి చూస్తే కిడ్నీలు మూడోవంతే పనిచేస్తున్నట్టు. ఈ మందు పోవాల్సింది వాటిలోంచే. పోలేక ఒంట్లోనే పేరుకుంటోంది."

అప్పటికప్పుడే డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన మారుమాట లేకుండా ఆ పూట మాత్ర ఆపించి, మర్నాటి నుంచి డోసు బాగా తగ్గించాడు.

మూడోరోజు పొద్దున ముందుగదిలోంచి కేక వినిపించింది. "నా జిగురు గిన్నె ఎక్కడ పెట్టావే?"

కోడలు వంటగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కరువుతీరా ఏడ్చింది.

తర్వాతి వారం మామాకోడళ్లు కౌంటరుకు వెళ్లారు. డోసు మార్చింది డాక్టరుగారు, తనేమీ చేయలేదని ఆ అమ్మాయి సిగ్గుపడింది.

"నేనడిగింది ఒక్క మాటే కదండీ."

"ఆ ఒక్క మాటా ఇంకెవరూ అడగలేదు తల్లీ," అంది కోడలు.

తాతయ్య చూపు మాత్రం బల్ల మీదున్న ఆ అమ్మాయి మందుల పుస్తకం మీదే ఉంది. కుట్లు ఊడి, కాగితాలు వేలాడుతున్నాయి. అడగకుండానే అందుకుని చంకలో పెట్టుకుని, ఎల్లుండి ఇస్తానన్నాడు. ఆ పుస్తకం రోజూ కావాలని ఆమె ఎంత చెప్పినా వినిపించుకోలేదు.