సేటు మార్చిన బిళ్ళలు

నాంపల్లి స్టేషన్ వెనక సందులో మా కార్ఖానా ఉండేది. తలుపులు, బెంచీలు, అల్మారాలు చేసేవాళ్ళం. చెక్కలో గాడి తీసే మిషన్ నాది. తిరుగుతూ పైనుంచి దిగే బిట్ ఎంత లోతుకు దిగాలో ఒక బోల్టు ఆపుతుంది. ఆ బోల్టు కింద మేం నిజాం కాలపు హాలీ అణాలు పేర్చేవాళ్ళం. బిళ్ళలు ఎక్కువ పెడితే గాడి పైపైన పడుతుంది, తగ్గిస్తే లోతుగా దిగుతుంది. ఒకసారి పేర్చినవాడు పని ముగించేదాకా వాటిని ఇంకొకడు ముట్టకూడదు. అది మా కార్ఖానా కట్టుబాటు. కార్ఖానా యజమాని సేటుకు కూడా అది వర్తిస్తుందనుకున్నాను చూడండి, అదీ నా తెలివి.

అప్పటికి కొత్త పైసలు వచ్చి కొన్నేళ్ళయింది. హాలీ సిక్కా బజారులో చెల్లడం మానేసింది. మా బోల్టు కింద మాత్రం దర్జాగా చెల్లేది.

ఆ ఏడు మా చర్చికి, పాస్టరుగారు నిలబడి ప్రసంగించే కొత్త పుల్‌పిట్ చేసే పని మా సేటుకే వచ్చింది. దాని ముందు పలక టేకుది. అందులో ఇత్తడి శిలువ కూర్చాలి. ఆ గాడి నేనే తీస్తానని అడిగి మరీ తీసుకున్నాను. ప్రతి ఆదివారం మా వాళ్ళందరి కళ్ళ ముందు ఉండే పని అది. మా ఆవిడ అప్పుడే వాడకట్టంతా చెప్పేసింది కూడా.

పొద్దున బిళ్ళలు పేర్చి, ముందు ఒక పనికిరాని ముక్క మీద గాడి తీసి చూశాను. ఇత్తడి పట్టీ అందులో చక్కగా కూర్చుంది. పలకను బిగించి అన్నానికి వెళ్ళాను. తిరిగి వచ్చి బిట్ దించాను. ఎర్రటి టేకు పొట్టు రావాల్సింది, కాసేపటికే తెల్లటి పొట్టు లేచింది. అది కింద పరిచిన మామిడి చెక్కది. మిషన్ ఆపేసరికే పలకకు జానెడు పొడుగున చిల్లి పడింది.

బోల్టు కింద చూస్తే పల్చటి కొత్త పైసలు!

"నేనే మార్చిన," అన్నాడు సేటు, పాన్ నములుతూ. "అబిడ్స్‌ల ఒకాయనకు పాత సిక్కాలంటే షౌకు. అడిగిండు, ఇచ్చిన. ఎన్ని తీసిన్నో అన్నే పెట్టిన గదా! బిళ్ళ బిళ్ళే గదా, ఏమైతది?"

ఏమైతదట! ఇన్నేళ్ళు ఆ మిషన్ల మీద బతికిన మనిషి అడిగే ప్రశ్నేనా అది? నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట ఆయన నా ఒక్కడితోనే అన్నాడు. సాయంత్రం పాస్టరుగారు వచ్చేసరికి మాట మార్చేశాడు.

"ఏం జేస్తమయ్యగారూ, మా మేస్త్రీ చెయ్యి జారింది. ఎనక ప్లైవుడ్ ముక్క కొడ్తం, ఎవరికీ కానరాదు."

"నా చెయ్యి జారలే అయ్యగారూ," అన్నాను. "బిళ్ళలు మార్చింది సేటు. నేను లేనప్పుడు మార్చిండు. అడగున్రి ఆయన్నే."

సేటు నవ్వాడు. పాస్టరుగారు మెత్తని మనిషి. నా భుజం మీద చెయ్యి వేసి, "కోపం వద్దు నాయనా. పొరపాటు ఒప్పుకోవడంలో చిన్నతనం ఏముంది?" అన్నారు.

తిట్టినా బాగుండేది. చెయ్యని తప్పుకు క్షమాపణ ఇచ్చేసి వెళ్ళిపోతే ఇంక ఏం మాట్లాడతాం? ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు మా ఆవిడకు చెప్పాను. "పోనీయి, ఎవరు నమ్ముతరు గిప్పుడు? ఊకో," అంది. నువ్వు నమ్మినవా అని అడగబోయి ఊరుకున్నాను.

ఆదివారం కొత్త పుల్‌పిట్ ప్రతిష్ఠ. ఇత్తడి శిలువ తళతళా మెరుస్తోంది. అతుకు నిజంగానే ఎవరికీ కనిపించలేదు. అంతటితో పోయేది. కానీ పాస్టరుగారు కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. ఈ పలక మీద చెయ్యి జారిన మన సహోదరుణ్ణి క్షమించుము ప్రభువా, అతని కోపాన్ని చల్లార్చుము, అన్నారు. చర్చిలో ఆ సహోదరుడెవరో తెలియనివాళ్ళు లేరు. అందరూ ఒక్క గొంతుతో "ఆమేన్" అన్నారు.

నేను పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. ఆడవాళ్ళ వరసలోంచి మా ఆవిడ "ఆమేన్" కూడా నాకు స్పష్టంగా వినిపించింది.