పెద్దబాపు మీది కోపంతో కొన్న చాకు

మా అల్లుడు నాలుగు రోజులుగా ఫోనులో ఒక చాకు కోసం వెతుకుతున్నాడు. జేబులో ఇమిడే మడత చాకట, రోజూ వాడుకోవడానికి పనికిరావాలట, పదేళ్ళయినా చెడిపోకూడదట. అన్నం ముందు కూర్చున్నా, నన్ను బండి మీద కరీంనగర్ బజారుకు తీసుకుపోయి కూరగాయల దుకాణం ముందు నిలబడ్డా, చాకుల బొమ్మలు జరుపుతూనే ఉన్నాడు. ఉక్కు రకాలకు అంకెలతో పేర్లు, పిడి కట్టెదా ప్లాస్టిక్‌దా అన్న చర్చలు, ఎక్కడెక్కడి మనుషులో రాసిన అభిప్రాయాలు. నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. అతని తప్పు కాదు, అరవై ఆరేళ్ళ అత్తకు చాకుల సంగతి తెలుస్తుందని ఎవరనుకుంటారు? కానీ ఒక మంచి చాకును ఎంచుకోవడానికి నాకు ఐదేళ్ళు పట్టింది, ఆ ఐదేళ్ళూ నన్ను నడిపించింది కోపం. నా వయసు వాళ్ళు ఈ మాట నమ్ముతారనుకుంటాను.

మాది జగిత్యాల దిక్కు పల్లె. మా బాపు మామిడి అంట్లు కట్టేవాడు. ఈ కాలం పిల్లలకైతే విడమరిచి చెప్పాలి గాని మీకు తెలిసిందే: టెంక నుంచి మొలిచిన మామూలు మొక్క తల కోసి, మంచి చెట్టు పుల్లను చెక్కి అందులో నిలిపి కట్టు కడితే, వేరు ఒకదానిది, పండు ఇంకొకదానిది అవుతుంది. బాపు పుల్లలు కోసుకునే చెట్టు మా చేను గట్టు మీద ఉండేది. తాత తిని పారేసిన టెంక నుంచి దానంతటదే లేచిన చెట్టు, దానికి పేరు లేదు. పండు చిన్నది, తొక్క పలచన, నార అసలే లేదు, మింగిన తర్వాత నోట్లో సోంపు వాసన నిలిచేది. ఆ చెట్టు అంట్ల కోసం పది ఊళ్ళ వాళ్ళు వచ్చి మా బాపు పేరు చెప్పి ఇల్లు అడిగేవారు. ఆ అడగడం ఎప్పుడూ బాపుకు అన్న అయిన మా పెద్దబాపు వాకిట్లోనే జరిగేది, ఎందుకంటే ఊళ్ళోకి రాగానే ముందు వచ్చేది ఆయన ఇల్లు. ఇంటికి పెద్దవాడయి ఉండి, రోజూ తమ్ముని ఇంటికి దారి చూపించవలసి రావడం ఆయనకు ఎట్లా ఉండేదో నాకు చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా జాలి కలగలేదు.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు అన్నదమ్ములు చేను పంచుకున్నారు. గీత వేసే తాడు ఎట్లా పట్టుకున్నారో ఏమో, చెట్టు మొదలు జానెడు తేడాతో పెద్దబాపు దిక్కు పడింది. బాపు కొట్లాడలేదు. చెట్టు నీదే, కాయ కూడా నీదే, వానలు పడే ముందు నాలుగు పుల్లలు కోసుకోనిస్తే చాలు అన్నాడు. పెద్దబాపు పెద్దమనుషుల ముందు తల ఊపాడు. పదిహేను రోజులకు, బాపు జగిత్యాలకు పోయిన పూట చూసి, ఆ చెట్టును మొదలంటా కొట్టించాడు. దాని నీడ తన మక్కచేను మీద పడుతున్నదట.

బాపు వచ్చేసరికి మొద్దు బండికెక్కింది, కొమ్మలు మేకల ముందు పడ్డాయి. నడినెత్తి ఎండలో ఆయన ఆ వాడిపోయిన మండల్లో మోకాళ్ళ మీద కూర్చుని, ప్రాణమున్న చిగురు కన్ను ఒక్కటైనా దొరుకుతుందేమోనని ఒక్కొక్క పుల్లనే గోటితో గీరి చూశాడు. నేను పక్కన తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డాను. పదకొండు పుల్లలు దొరికాయి, పదకొండు అంట్లు కట్టాడు. మూడు వారాలకు కట్లు విప్పితే అన్నీ నల్లబడి ఉన్నాయి. ఇంతకుముందు ఇచ్చిన అంట్ల దగ్గరికి పోయి పుల్లలు అడుక్కోవడానికి ఆయన మనసు ఒప్పలేదు. నన్ను కన్న అవ్వ వీధిలో నిలబడి పెద్దబాపు ఇంటి వైపు దుమ్మెత్తి పోసింది. బాపు ఆ ఏడే మస్కట్ పోయి మూడేళ్ళు రాళ్ళు మోసి, కుడిచేతి బొటనవేలు నలిగిపోయి తిరిగొచ్చాడు. ఇక ఆ చేతిలో చాకు నిలవలేదు.

నేను మొదటి చాకు కొన్నది బాపు మస్కట్‌లో ఉండగా, మామిడి పని కోసం కాదు. పెద్దబాపు బాయి మీద నీళ్ళ ఇంజను ఉండేది, దాన్ని తిప్పే తోలు పట్టా కోసేస్తే ఆయన వరి ఎండుతుందని నా లెక్క. అంగడిలో ఎర్ర పిడి ఉన్న మడత చాకు ఒకటి తీసుకున్నాను, చూడటానికి చాలా ముద్దుగా ఉండేది. ఊరంతా ఒక పెళ్ళికి పోయిన మధ్యాహ్నం పట్టా మీద పెట్టి బలంగా లాగాను. సగం కూడా తెగకముందే చాకు దానంతటదే మడుచుకుని నా చూపుడువేలి ఎముక దాకా దిగింది. అవ్వకు కొడవలి తగిలి తెగిందని చెప్పాను. ఆ పట్టా ఇంకో ఏడాది నిక్షేపంగా తిరిగింది. వీపున ఉండే కమాను, అదే స్ప్రింగు, గట్టిది కాకపోతే చాకు ముందు యజమాని వేలే కోస్తుందని ఆ రోజు నేర్చుకున్నాను. అల్లుడు చదువుతున్న అభిప్రాయాల్లో ఈ ముక్క ఉందో లేదో మరి.

రెండోది బాపు మస్కట్ నుంచి తెచ్చినది. అందులో కత్తెర, డబ్బా మూత తీసేది, పళ్ళు కుట్టుకునే పుల్ల, ఇంకా నాకు పేర్లు తెలియనివి చాలా ఉండేవి. తళతళ మెరిసేది, కానీ మామిడి జిగురు నాలుగు కోతలకే దాని పదునును తినేసేది. మొద్దుబారిన చాకు పుల్లను కోయదు, నలిపేస్తుంది. నలిగిన అంటు అతకదు. దాన్ని అవ్వకు ఇచ్చేశాను, డబ్బాల మూతలు తీసుకునేది.

అప్పటికి మేము ఊరు విడిచి బోథ్‌లో మా మేనమామ దగ్గరికి చేరాం. ఆయనకు చిన్న నర్సరీ ఉండేది. బాపు పందిరి కింద కూర్చుని చెప్పేవాడు, నేను కోసేదాన్ని. ఆయన వేళ్ళలో ఉన్నదంతా మాటగా మారి నా వేళ్ళలోకి రావడానికి రెండేళ్ళు పట్టింది. బోథ్ అంగడికి కిన్వట్ దిక్కు నుంచి సాన పట్టే ముసలాయన ఒకడు వచ్చేవాడు, సగం మరాఠీ, సగం మన మాట. పాత చాకులు కూడా అమ్మేవాడు. నాకు ప్రాణమున్నన్నాళ్ళు పనిచేసే చాకు కావాలని అడిగితే ఆయన నవ్వలేదు. ఒక్కొక్కటి తెరిచి నా చెవి దగ్గర ఆడించి, లోపల గలగల వినపడితే పక్కన పెట్టమన్నాడు. కోసే అలుగు వీపును అరచేత్తో నొక్కి కమాను ఓర్చుకుంటుందో లేదో చూడమన్నాడు. చివరికి బర్రెకొమ్ము పిడితో, ఒకే ఒక్క అలుగుతో నల్లగా ఉన్నదాన్ని నా చేతిలో పెట్టాడు. ఇది తుప్పు పడుతుంది కదా అని అడిగాను.

"తుడుస్తే పట్టదు బాయీ," అన్నాడు. "తుడిచే ఓపిక లేనోళ్ళకే ఆ మెరిసేటియి."

ఆ మాట నా మనసుకు నచ్చింది. రోజూ పని అయ్యాక గుడ్డతో తుడిచి, నువ్వుల నూనె చుక్క రాసి మడిచేదాన్ని. తుడిచినప్పుడల్లా పెద్దబాపును తలుచుకునేదాన్ని, కొందరు సాయంత్రం దీపం దగ్గర దేవుణ్ణి తలుచుకున్నట్టు.

ఆయన తనంతట తానే వచ్చాడు. చెట్టు కొట్టించిన చోటు కలుపుకుని రెండెకరాల్లో మామిడి తోట వేస్తాడట, బిడ్డ కట్టిన అంటు ఒక్కటీ చావదని విన్నాడట. మామ కుర్చీ వేశాడు. ఆయన చాయ తాగి, పందిరి కింద ఉన్న మా బాపు చేతిని చూసి, అందరూ వినేటట్టు అన్నాడు: "నా తమ్ముని చెయ్యి పాయె. బిడ్డ చెయ్యన్న మిగిలింది. మంచి బంగినపల్లి కట్టియ్యి పిల్లా, నా మనుమలు తినాలె."

బాపు నేల చూశాడు. నేను సరే పెద్దబాపూ అన్నాను, నా గొంతు నాకే మెత్తగా వినిపించింది.

మా నర్సరీ వెనుక వాగు ఒడ్డున ఒక మామిడి చెట్టు ఉండేది. దాని పండు పళ్ళు జివ్వుమనేంత పులుపు, పండినా పులుపే, దారం గుట్టలా నార. కోతులు కూడా కొరికి పారేసేవి. వానలు మొదలైన నాటి నుంచి పొద్దున్నే ఆ చెట్టెక్కి పుల్లలు కోసుకొచ్చాను. పెద్దబాపు తోటకు పోయే ప్రతి అంటూ ఆ పుల్లతోనే కట్టాను. నా జన్మలో అంత శ్రద్ధగా చేసిన పని లేదు. ఒక్క అంటు కూడా ఎండిపోకూడదు, ఒక్కటి కూడా ఆయన పీకేయకూడదు, అన్నింటికీ ఆయన నాలుగైదేళ్ళు నీళ్ళు పోయాలి, అప్పుడు గాని తెలియకూడదు. చాకు దిగినప్పుడల్లా నాకు ఒళ్ళంతా చల్లగా, హాయిగా ఉండేది. ఈ వయసులో దాచుకోవడం ఎందుకు, అంత సుఖం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు.

మొక్కలు పంపే రోజు బాపు వరుస పొడుగునా నడుస్తూ అలవాటు కొద్దీ ఒక ఆకు నలిపి వాసన చూశాడు. ఆగాడు. రెండో మొక్క ఆకు నలిపాడు, మూడోది నలిపాడు. మామిడి ఆకు వాసనతో రకం చెప్పగలిగే మనిషి ఆయన. ఆయన జన్మలో ఒకరికి ఒక తప్పు అంటు ఇచ్చి ఎరగడు.

"మామకు ఎరుకేనా?" అని అడిగాడు.

"ఎరుక లేదు బాపూ."

 ఆయన వంగి ఒక మొక్క ఎత్తి, నేను కట్టిన కట్టు చుట్టూ వేలితో తడిమి చూశాడు. "కట్టు మంచిగున్నది," అన్నాడు. అంతే. ఆ మొక్కను ఎడమ చేత్తో తనే బండి మీద పెట్టాడు. దాని తర్వాత ఇంకోటి. చివరి మొక్క దాకా ఎవరినీ ముట్టుకోనియ్యలేదు.

తర్వాత నాకు బోథ్‌లోనే ఒక బడిపంతులుతో పెళ్ళయింది. ఏటేటా ఊరి నుంచి కబురు వచ్చేది. ఒక ఏడు కరువు వస్తే పెద్దబాపు ఎడ్లబండి మీద డ్రమ్ములతో నీళ్ళు తెచ్చి చెంబులతో మొక్క మొక్కకూ పోశాడట, నడుం పట్టేసి వారం మంచం మీద ఉన్నాడట. ఆ పూట నేను రెండు బుక్కలు ఎక్కువ తిన్నాను. తోటకు కాపు వచ్చే ముందు చలికాలంలో బాపు పోయాడు. ఆ కాపును ఆయన చూడలేదే అన్న బాధ నా కోపానికి ఇంకా సాన పట్టింది.

తొలికాపు పండ్లను గడ్డిలో మాగబెట్టి, పెద్దబాపు వియ్యాలవారినీ పాలోళ్ళనూ అందరినీ పిలిచాడు. నేనూ పోయాను, పిలవకపోయినా పోయేదాన్నే. తాంబాళాల్లో ముక్కలు పెట్టారు. పిల్లలు మొదట నోట్లో పెట్టుకుని ఉమ్మేశారు. పెద్దవాళ్ళు మర్యాదకు మింగారు. వియ్యంకుడు నవ్వి, వాగొడ్డు కాయలు ఏరుకొచ్చినవా బావా అన్నాడు, అందరూ నవ్వారు. పెద్దబాపు తన ముక్కను నమిలి నమిలి మింగాడు. తర్వాత తల తిప్పి ఆ గుంపులో నన్ను వెతుక్కున్నాడు.

అందరూ చేతులు కడుక్కుంటున్నప్పుడు అరుగు మీదికి రమ్మన్నాడు. "నీ చేతి పనే గదా?" అని అడిగాడు.

"నా చేతి పనే పెద్దబాపూ. బాపుకు ఎరుకుండే."

"తమ్మునికి ఎరుకుండెనా?"

"మొక్కలు బండికెక్కిచ్చింది ఆయనే."

ఆయన స్తంభం పట్టుకుని కూర్చున్నాడు. నేను కోసినందుకు కాదు, తన తమ్ముడు ఎత్తినందుకు ఆ దెబ్బ తగిలిందని ముఖంలో కనపడింది. బాపు మండల్లో మోకాళ్ళ మీద కూర్చున్న రోజు నుంచి నేను కోరుకున్నది ఆ ముఖమే. తనివితీరా చూశాను. కనికరం వస్తుందేమోనని ఒక క్షణం ఆగాను కూడా, రాలేదు.

లోపలికి పోయి ఆయన చుట్టాలతో, రకం అడగడంలో తనదే పొరపాటు అన్నాడు. నిజం చెబితే తాను కొట్టించిన చెట్టు సంగతి కూడా చెప్పాలి మరి. మామ నర్సరీ పేరు అట్లా నిలిచిపోయింది.

కథ అక్కడ ముగిసి ఉంటే నాకు బాగుండేది. మరుసటి ఏడు జగిత్యాల బేరగాడు ఒకడు ఆ కాయ కొరికి, తొక్కు పచ్చడి పెట్టడానికి ఇంతకన్నా గట్టి కాయ, పుల్లని కాయ ఈ జిల్లాలోనే లేదని తోట మొత్తం పచ్చికాయ మీదనే గుత్తకు పట్టుకున్నాడు. ఆ తర్వాత ఏటా అంతే. ఎంత కోపం వచ్చిందంటే, బంగినపల్లి కట్టి ఇచ్చినా ఇంత బాగుపడేవాడు కాదు కదా అని మూడు రోజులు నాలో నేనే రగిలిపోయాను. పైగా ఆ ఏటి నుంచి ప్రతి ఎండాకాలం బోథ్ వచ్చే బస్సులో నా పేరు మీద ఒక గంప కాయలు దిగేవి. చీటీ లేదు, కబురు లేదు. వెక్కిరింతో, వేడుకోలో ఈ రోజుకూ నాకు తెలియదు. మొదటి గంపను బర్రెల ముందు కుమ్మరించాను. తర్వాత ఇరుగుపొరుగుకు పంచేదాన్ని. వాళ్ళు తొక్కు పెట్టుకుని మెచ్చుకునేవారు, తెచ్చి రుచి చూడమనేవారు. ఇరవై ఏళ్ళకు పైగా ఒక్క ముక్క నాలుక మీద పెట్టలేదు.

పెద్దబాపు ఒక కార్తీకంలో పోయాడు. పోయి వచ్చాను, మైల పట్టాను, ఏడవలేదు. ఆ ఎండాకాలం గంప రాలేదు. రాదని తెలిసి కూడా బస్సు వచ్చే వేళకు రెండు మూడు రోజులు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను, ఎందుకో చెప్పలేను. ఇంకొన్నాళ్ళకు ఆయన కొడుకులు తోట కొట్టించి ప్లాట్లు చేశారు.

ఇప్పుడు మొక్కను కూడా ఫోనులో బొమ్మ చూసి తెప్పించుకుంటున్నారు, కట్టిన చెయ్యి ఎవరిదో అడిగేవాళ్ళు లేరు. కొట్లాటలూ అట్లాగే ఉన్నాయి. మా ఆడపడుచు కోడలు నెల కింద ఎవరితోనో గొడవపడి, వాళ్ళ నంబరు తీసేసి, సాయంత్రానికి ఆ సంగతే మరిచిపోయింది. మంచిదే, ఒంటికి ఆరోగ్యం. మేము మాత్రం ఒక మనిషి మీద కోపం పెట్టుకుంటే ఆ మనిషిని రోజూ తలుచుకుని బతికాం, ఆయన ఏం తిన్నాడో, ఎట్లున్నాడో కబురు పెట్టి మరీ తెలుసుకున్నాం. క్షమించావా అని ఎవరైనా అడిగితే లేదనే చెబుతాను. కానీ మా బాపు చేతిపని ఎంతటిదో నాతో సమానంగా తెలిసిన మనిషి, దాన్ని పాడుచేసిన ఆయనొక్కడే. ఆయన కూడా పోయాక, మా బాపు గురించి నేను ఎవరితోనైనా చెబితే వాళ్ళు ఊ కొడుతున్నారు, అంతే.