టీ విరామంలో వెనక్కి తగ్గిన సముద్రం

నేను రిటైరవడానికి ఇంకా రెండేళ్లుందనగా, ఒక జూన్ నెల మొదటి వారంలో, తీరప్రాంత వాతావరణ ప్రణాళిక కోసం మచిలీపట్నంలో వేసిన కమిటీలో నన్ను సాంకేతిక సభ్యురాలిగా నియమించారు. అప్పుడు నేను డ్రైనేజీ విభాగంలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుని. డ్రైనేజీ అనగానే చాలామందికి ఊళ్లో సైడు కాలువలు గుర్తొస్తాయి. డెల్టాలో ఆ మాటకి అర్థం వేరు. పొలాలకు నీళ్లు తెచ్చేవి పంట కాలువలు, పొలాల్లో మిగిలిన నీటిని తీసుకెళ్లి సముద్రంలో కలిపేవి మురుగు కాలువలు. మా ఉద్యోగమంతా ఈ రెండో రకంతోనే. నీళ్లు తేవడం కన్నా పంపించడం కష్టమని ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది, ఎందుకంటే చివర సముద్రం ఒప్పుకోవాలి. పోటు వచ్చినప్పుడు సముద్ర మట్టం కాలువ మట్టాన్ని మించితే మన నీళ్లు కదలవు సరికదా, ఉప్పునీరే ఎదురెక్కి పొలాల్లోకి వస్తుంది. అందుకని కాలువ చివర, పోటుకి మూసుకుని పాటుకి తెరుచుకునే తలుపులతో తూములు కడతాం. నా సర్వీసంతా ఇలాంటి తూములు కట్టించడం, బాగుచేయించడంలోనే గడిచింది. కనుక సముద్రమట్టం పెరుగుతోందని నాకు ఎవరూ కొత్తగా నచ్చజెప్పనక్కర్లేదు.

కమిటీకి అప్పగించిన పని ఇది: రాబోయే దశాబ్దాల్లో మన తీరంలో సముద్రం, వాన, ఎండ ఎలా మారవచ్చో చూసి, ఎక్కడ ఏం కట్టవచ్చో, ఎక్కడ కట్టకూడదో, ఎవరిని జరపాలో సిఫార్సు చేయడం. దానికి ఆధారంగా దేశం మొత్తానికి తయారుచేసిన వాతావరణ అంచనాలు ఉన్నాయి. వాటిని పటం మీద చూపించే కంప్యూటర్ పరికరం ఒకటి మాకిచ్చారు. మండలం ఎంచుకుని, ఏ దశాబ్దమో, ఏ లెక్కో నొక్కితే పటం రంగులు మారతాయి.

ఆ లెక్క అన్న మాట దగ్గరే అసలు సంగతంతా ఉంది. ఈ అంచనాలు రేపు వాన పడుతుందా అని చెప్పే సూచనల్లాంటివి కావు. ప్రపంచం పొగ ఇంతే వదిలితే ఇలా, అంత వదిలితే అలా అని షరతు పెట్టి చెప్పేవి. ఒక్కో షరతు కింద కూడా రకరకాల మోడళ్లు రకరకాల జవాబులిస్తాయి. కాబట్టి చేతికి వచ్చేది ఒక అంకె కాదు, కింద ఒక హద్దు, పైన ఒక హద్దు. మా వాడుకలో వాటిని తక్కువ లెక్క, మధ్య లెక్క, ఎక్కువ లెక్క అనేవాళ్లం. ఏది నిజమవుతుందో ఈ రోజు ఎవరూ చెప్పలేరు.

కమిటీకి అధ్యక్షుడు మా ఎస్.ఇ. గారు, అంటే సూపరింటెండింగ్ ఇంజనీరు, నాకు పై అధికారి. పటం నడిపే బాధ్యత హైదరాబాదు నుంచి వచ్చిన చైతన్య అనే కన్సల్టెంటుది. తెలివైనవాడు, మర్యాదస్తుడు.

రెండో సమావేశంలో మొదటి అంశం నాగాయలంక మండలంలో సముద్రపు పాయ పక్కనున్న ఒక మత్స్యకారుల పల్లె. దాన్ని ఇక్కడ పాలెం అని మాత్రమే అంటాను. చైతన్య పటం పెట్టాడు. పాలెం మొత్తం ఎర్రగా ఉంది. మూలన చూస్తే 'ఎక్కువ లెక్క' అని ఉంది. మునిగే ఊరు కనుక ఖాళీ చేయించి, లోపల చల్లపల్లి వైపు కాలనీ కట్టిద్దామని సిఫార్సు. అందరూ సరేనన్నారు. అంత ఎరుపు చూశాక కాదని ఎవరంటారు?

తర్వాత టీ ఇచ్చారు. తాగి వచ్చి కూర్చున్నాం. రెండో అంశం అదే పాయ మీద, పాలేనికి ఇంకా సముద్రం వైపున, ఒక శాఖ తలపెట్టిన అతిథి గృహం, పడవల రేవు. పటం మళ్లీ వెలిగింది. ఈసారి ఆ ఒడ్డంతా లేత పసుపు. ప్రమాదం స్వల్పం, నిర్మాణానికి అభ్యంతరం లేదు. మూలన చూశాను. 'తక్కువ లెక్క' అని ఉంది. మేం టీ తాగి వచ్చేలోపు సముద్రం వెనక్కి తగ్గింది!

లేచి అడిగాను. ఒకే ఒడ్డుకి రెండు లెక్కలెందుకని.

ఎస్.ఇ. గారు ఓపిగ్గానే జవాబిచ్చారు. కట్టడానికి ఆయుర్దాయం ఉంటుందని, అతిథి గృహం కొన్ని దశాబ్దాలే నిలుస్తుంది కనుక శతాబ్దం చివరి దాకా చూడనక్కర్లేదని అన్నారు. వినడానికి బాగుంది. కానీ ఆయుర్దాయాన్ని బట్టి మార్చాల్సింది దశాబ్దాన్ని, లెక్కని కాదు. అయినా పాలెంలో రేకుల ఇళ్ల ఆయుర్దాయం అతిథి గృహం కన్నా ఎక్కువా? అదే అన్నాను. "అది వేరే విషయం మేడమ్" అని ఆయన మూడో అంశానికి వెళ్లిపోయారు.

బయటికొచ్చాక వరండాలో చైతన్య నా దగ్గరికి వచ్చి, "మేడమ్, ఏ లెక్క పెట్టమంటే అది పెట్టాను. రెండూ తప్పు కాదు కదండీ" అన్నాడు.

"రెండూ తప్పు కాదు బాబూ. మనిషిని చూసి మార్చడం తప్పు" అన్నాను.

నిబంధన ప్రకారం ఊరు జరిపే సిఫార్సుకి ముందు గ్రామసభ పెట్టి అభిప్రాయం తీసుకోవాలి. ఆ పని నాకే అప్పగించారు. పాలెం వెళ్లేసరికి తుఫాను షెల్టర్ అరుగు మీద ఊరంతా కూర్చుని ఉంది. నేను పటం చూపించి, మూడు లెక్కలూ ఉన్నవి ఉన్నట్టు వివరించాను. ముందు వరసలోంచి నాంచారమ్మ లేచింది. చేపలు కొని, ఎండబెట్టి, చల్లపల్లి, మొవ్వ సంతలకు వేసే మనిషి. అక్కడి మహిళా సంఘానికి లీడరు కూడా.

"సముద్రం పైకొస్తంది, మాకు తెల్దా అండీ? ఉప్పెనప్పటికి నేను చిన్నపిల్లని. మాకు భయం చెప్పక్కర్లేదు" అంది. "మునుగుద్దని మమ్మల్ని లెగమంటన్నారు, సరే. అవతల మేడ కడతారంటగా, అది మునగదా?"

నా పక్కన కూర్చున్న రెవెన్యూ ఉద్యోగి నన్ను మోచేత్తో పొడిచాడు. ప్రభుత్వ ఉద్యోగి బహిరంగ సభలో ప్రభుత్వ ప్రతిపాదనకు వ్యతిరేకంగా మాట్లాడకూడదు. నాకు ఆ నియమం తెలుసు. కానీ అడిగింది అభిప్రాయం కాదు, సాంకేతిక ప్రశ్న. సాంకేతిక సభ్యురాలిని నేనే.

"మీకు వేసిన లెక్కే వేస్తే అదీ మునుగుద్దమ్మా" అన్నాను.

సభలో గోల లేచింది. అది కాస్త తగ్గాక, నేను అసలు చెప్పాలనుకున్నది చెప్పాను. ఏ లెక్క నిజమవుతుందో తెలియనప్పుడు ఇంజనీర్లు ఒక పద్ధతి వాడతారు. మూడు లెక్కల్లోనూ పనికొచ్చే పనులు ముందు చేయాలి: షెల్టర్‌కి వెళ్లే రోడ్డు ఎత్తు పెంచడం, తూము తలుపులు మార్చడం, పాయ ఒడ్డున మడ మొక్కలు పెంచడం. తర్వాతి మెట్టు ఎప్పుడెక్కాలో గుర్తులు ఇప్పుడే ఒప్పుకోవాలి. ఆ గుర్తు కనిపిస్తే కదలాలి, కనిపించకపోతే అక్కర్లేదు.

"అంటే ఇప్పుడు కాదు, తర్వాత పొమ్మంటారు" అంది నాంచారమ్మ.

"పోవాల్సి రావచ్చు. రాదని మాటివ్వలేను."

ఆవిడ పాయ ఎగువకి చెయ్యి చూపించింది. "చల్లపల్లి కాడ ఇళ్లిస్తే పడవలు రోడ్డు మీద కట్టుకోవాలా? ఎల్లాల్సొస్తే పాయ ఎంబడే, ఎగువన జాగా కావాలి. ఆ జాగా ఇప్పుడే రాసివ్వండి. గుర్తులు మాతో కూర్చుని పెట్టండి. అప్పుడు మేం లెగం అని అనం."

ఆ సాయంత్రం అందరం కూర్చుని రెండు గుర్తులు పెట్టుకున్నాం. తుఫాను లేని రోజుల్లో కూడా పోటు నీళ్లు రోడ్డు దాటి రావడం మొదటిది. వానలు పడ్డాక కూడా బోరు నీళ్లు ఉప్పగానే ఉండిపోవడం రెండోది.

సభలో నేనన్న మాట నాకన్నా ముందే మచిలీపట్నం చేరింది. ఎస్.ఇ. గారు పిలిచి, పాలెం ఖాళీ సిఫార్సు మీద సాంకేతిక ఆమోదం సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నాను. ఎందుకని అడిగారు. ఎక్కువ లెక్క వేసి అతిథి గృహాన్ని కూడా వద్దనండి, రెండింటి మీదా కలిపి పెడతానన్నాను. వారం తిరక్కుండా గుడివాడకి బదిలీ వచ్చింది. కాలువల్లో గుర్రపుడెక్క తొలగించే పనికి ప్రత్యేక అధికారిగా. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుని ఆ పనికి వేశారంటే ఏం చెప్పదలచుకున్నారో శాఖలో అటెండరుకి కూడా అర్థమవుతుంది. మొవ్వ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "రెండేళ్లలో రిటైరవుతావు, నీకెందుకక్కా ఈ గొడవ?" అన్నాడు. రెండేళ్లలో రిటైరయ్యేదాన్ని నన్నేం చేస్తార్రా అన్నాను.

అయితే వాళ్లొకటి మరిచిపోయారు. కమిటీ ఉత్తర్వులో నన్ను హోదాతో కాక పేరుతో వేశారు. హోదాతో వేస్తే నా కుర్చీలోకి వచ్చిన అధికారి సభ్యుడవుతాడు. పేరుతో వేస్తే నేను ఎక్కడున్నా నేనే సభ్యురాలిని. చివరి సమావేశానికి నాకు కబురు రాలేదు. తేదీ కనుక్కుని, గుడివాడ బస్టాండులో బస్సెక్కి వెళ్లి కూర్చున్నాను. ఎస్.ఇ. గారు ఉత్తర్వు తెప్పించి చదివి, పక్కన పెట్టారు.

ఆ రోజు జిల్లా ఉన్నతాధికారిణి కూడా వచ్చారు. పాలెంలో ఒప్పుకున్న గుర్తులు, వాళ్లడిగిన ఎగువ జాగా కూడా కలిపి రాసిన నా అసమ్మతిని మినిట్స్‌తో జతపరచమని కోరాను. సభ్యుడు అడిగితే అది చేయక తప్పదు. తర్వాత చైతన్యని, రెండు స్థలాలూ ఒకే పటంలో కనిపించేలా, ఒకే లెక్కతో పెట్టమన్నాను. అతను ఎస్.ఇ. గారి వైపు చూశాడు. ఆయన కళ్లతోనే వద్దన్నారు. అయినా చైతన్య పటం పెట్టాడు. ఎక్కువ లెక్కలో రెండూ ఎరుపే, అతిథి గృహమైతే ఇంకా ముదురు ఎరుపు. తక్కువ లెక్కలో రెండూ పసుపే. ఎవరి వివరణా అవసరం లేకపోయింది.

ఉన్నతాధికారిణి ఒకటే అడిగారు. "ఫైల్లో ఉన్న పటాల్లో ఇలా ఎందుకు లేదు?"

"అడగలేదండీ" అన్నాడు చైతన్య.

తీరంలో ఏ ప్రతిపాదన వచ్చినా మూడు లెక్కల్లోనూ పరీక్షించాలని ఆవిడ రాయించారు. పాలెం ఖాళీ సిఫార్సు తీసేసి, గుర్తుల్ని బట్టి కదిలే మెట్ల పద్ధతి పెట్టారు. పాయ ఎగువన జాగా పాలెం పేర కేటాయించారు. అతిథి గృహాన్ని ఎక్కువ లెక్కకు తగ్గట్టు ఎత్తులో కట్టాలంటే ఖర్చు పెరిగింది, ఆ శాఖ దాన్ని మానుకుంది. నా బదిలీ మాత్రం రద్దు కాలేదు. ఆ రెండేళ్లూ గుడివాడలో గుర్రపుడెక్క తీయించాను. బాగా తీయించాను. అక్కడే రిటైరయ్యాను.

కిందటేడు నాంచారమ్మ ఫోన్ చేసింది. వానలు పడ్డాక కూడా సముద్రం వైపు వరసలో బోరు నీళ్లు ఉప్పగానే ఉన్నాయట. "ఆ వరసోళ్లం పై జాగాకి వచ్చేశాం మేడమ్‌గారూ. మా ఇల్లూ అందులోదే. పడవలు ఇక్కడే ఉన్నాయి. ఎవురూ లేపలేదు, మేమే లెగిశాం" అంది. మిగతా పాలెం ఇంకా అక్కడే ఉంది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. భవిష్యత్తు తెలియదన్నది నిజమే. తెలియదు కాబట్టి అధికారం ఉన్నవాడు తనకు వీలైన అంకె ఎంచుకుంటాడు, దానికి శాస్త్రమని పేరు పెడతాడు. అంచనాలో తేడాలుండటం దోషం కాదు, వాటిని దాచడం దోషం. ఏ లెక్క వేసినా పక్కవాడికీ అదే వేయండి. వేయనివ్వకపోతే సంతకం పెట్టకండి.